చెంబు: ఒక మాట వెనుక చరిత్ర

స్టీలు చెంబు అన్నప్పుడు మనం ఒక విడ్డూరమైన మాట అంటున్నామని ఎవరికీ తోచదు. చెంబు మొదట పాత్ర పేరు కాదు, లోహం పేరు. తమిళ మలయాళాల్లో ఈనాటికీ ఆ మాటకు రాగి అని అర్థం. బరో, ఎమెనోలు 1961లో వెలువరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మన చెంబును కూడా ఎరుపును తెలిపే ధాతువుతోనే ముడిపెట్టింది. చెందామర, చెంగల్వ, చెంగావి మాటల్లోని 'చెం' ఇదే. కన్నడంలో ఎరుపు 'కెంపు'. ఆ కకార రూపాన్ని మనం మణికి అట్టే పెట్టుకున్నాం.

తమిళుడు లోహాన్నీ పాత్రనూ ఒకే మాటతో పిలుస్తుంటే, తెలుగువాడు లోహాన్ని రాగి అన్నాడు, పాత్రకు చెంబు మిగిల్చాడు. మాట తన పుట్టుకను మరచిపోయింది కనుకనే ఇత్తడి చెంబు, వెండి చెంబు, చివరికి ప్లాస్టిక్ చెంబు కూడా చెల్లుతున్నాయి. కంచం కథా ఇంతే. కంచు నుంచి కంచం. ఆ పనివాడు కంచరి.

అయితే వ్యుత్పత్తి దగ్గరే ఆగిపోయే పాండిత్యం మీద నాకు పెద్ద గౌరవం లేదు. చెంబు ఎవరి చేతిలో ఉన్నదన్నది అసలు ప్రశ్న. మనుస్మృతి అయిదవ అధ్యాయం రాగి, కంచు, ఇత్తడి పాత్రలు క్షారంతో, పులుపుతో, నీళ్ళతో శుద్ధి అవుతాయంటుంది. మన ఇళ్ళలో చింతపండుతో రాగి చెంబు తోమడం తెలిసిందే. అదే గ్రంథం పదవ అధ్యాయంలో చండాలుడు పగిలిన పాత్రలో తినాలనీ, ఇనుప నగలే పెట్టుకోవాలనీ శాసించింది. అతడు వాడిన పాత్రకు శుద్ధి లేదు. లోహాన్ని శుద్ధి చేసే చింతపండు మనిషి దగ్గర పనిచేయలేదన్నమాట!

కాళ్ళకు నీళ్ళిచ్చే చెంబు అరుగెక్కగలిగిన అతిథికే అందింది. అరుగు కింద నిలబడ్డవాడు దోసిలి పట్టాడు; నీళ్ళు ఎత్తి నుంచి పడ్డాయి. 'చెంబెడు నీళ్ళు' అని మన కథకులు తేలికగా రాసేస్తారు. నీళ్ళు చెంబుతో ఇచ్చారా, చెంబులోంచి పోశారా అన్నది రాయరు. గ్రామ వ్యవస్థ మొత్తం ఆ విభక్తి ప్రత్యయంలోనే ఉన్నది. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్ళను దోసిట పట్టి తాగినప్పుడు, ఆ దోసిలికి మరో అర్థం వచ్చింది. ఆ నీళ్ళు ఎవరూ పోసినవి కావు.

అస్పృశ్యతను శిక్షించే చట్టం 1955లో వచ్చింది. ఆ తర్వాత కూడా పల్లె హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టారు, తాగినవాడే దాన్ని కడిగిపెట్టాలి. 'రెండు గ్లాసుల పద్ధతి' అనే మాట తెలుగులోకి అలా వచ్చింది.