ఆపగలిగే బొమ్మ

1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 మన పల్లెలకు టీవీ పాఠాలు పంపడం మొదలుపెట్టింది. ఆ ప్రయోగం పేరు సైట్. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. మన వైపు కర్నూలు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లున్నాయి. అందులో మాదొకటి. నేనప్పుడు మూడో తరగతి.

గొడుగును తిరగేసినట్టుండే యాంటెనా మూడు మీటర్ల వెడల్పు, చేసింది కోళ్ల గూళ్లకు కట్టే ఇనుప వలతో. ఖరీదు తగ్గాలి, ఊళ్లో నిలవాలి అని ఇస్రో ఇంజనీర్లు ఆలోచించి ఎంచుకున్న వల అది. సెట్లు తయారైంది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌లో. ఇంత తక్కువ సరుకుతో అంత దూరపు సిగ్నల్‌ను పట్టిన ఆ పనితనం మీద నాకు ఈనాటికీ గౌరవమే.

పొద్దున గంటన్నర ప్రసారం పిల్లలది. దాన్ని నాలుగు భాషలు పంచుకుంటే తెలుగు వాటాకు వచ్చింది 22న్నర నిమిషాలు. సారు పెట్టె తాళం తీసేవారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులం నేల మీద కూర్చునేవాళ్లం. బొమ్మ మొదలైందంటే ఇక దాని దారి దానిదే. వెనకాల కూర్చున్నవాడు ‘ఏందది?’ అని అడిగేలోపు అది దాటిపోయేది. సారుకైనా ఆ పాఠం అదే మొదటిసారి చూడటం, మళ్లీ చూసే వీలు లేదు. ఇంక ఆయన మాకేం విడమరచగలరు?

తర్వాతి అధ్యయనాల్లో పిల్లల భాష మెరుగుపడిందనీ, తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగిందనీ తేలింది. బడి మానేసేవాళ్లు మాత్రం తగ్గలేదు. గట్టి ఫలితం వచ్చింది టీచర్ల శిక్షణలో. దాదాపు 50,000 మంది ప్రాథమిక టీచర్లకు ఇదే ఉపగ్రహం ద్వారా సైన్సు బోధన నేర్పారు. అక్కడ టీవీని ఒంటరిగా వదల్లేదు. రేడియో ఉంది, అచ్చు పాఠాలున్నాయి, చేతులతో చేసే ప్రయోగాలున్నాయి, సందేహం తీర్చే మనిషి పక్కనే ఉన్నాడు. 1976 జూలై 31తో ప్రయోగం ముగిసింది.

ఆ తర్వాత చాలా వచ్చాయి. 1984లో యూజీసీ వారి టీవీ పాఠాలు కంట్రీవైడ్ క్లాస్‌రూమ్, 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎడ్యుశాట్. ప్రశ్న అడిగే వీలు కూడా వచ్చింది కానీ వేళ మాత్రం స్టూడియోదే. మా దగ్గర లెక్కల పీరియడ్ నడుస్తుంటే అక్కడ జీవశాస్త్రం మొదలయ్యేది.

డిజిటల్ వీడియో మార్చింది దీన్నే. సీడీలు, పెన్‌డ్రైవ్‌లు, 2017లో దీక్ష పోర్టల్, పాఠ్యపుస్తకంలోనే క్యూఆర్ కోడ్. రంగుల గురించీ త్రీడీ గురించీ అందరూ చెబుతారు. సైన్సు టీచరుగా నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద వరం పాజ్ బటన్.

ఏడో తరగతికి విత్తనం మొలకెత్తే వీడియో పెట్టేదాన్ని. పల్లీ గింజ ఉబ్బి, పైపొర చిట్లే చోట ఆపేసేదాన్ని. ‘ముందు ఏం బయటికొస్తది?’ ‘ఆకు టీచర్!’ అని సగం మంది. ‘కాదు, వేరు’ అని సేద్యం ఇళ్ల పిల్లలు. బోర్డు మీద ఇద్దరు రెండు బొమ్మలు గీసేవాళ్లు. తడిగుడ్డలో మూట కట్టి తెచ్చుకున్న గింజలు విప్పి చూసేవాళ్లు. వేరే ముందు, ఎందుకు ముందు, నీళ్లెవరు తాగాలి? వాదన తేలాకే ప్లే నొక్కేదాన్ని. రెండు నిమిషాల వీడియోకు పీరియడంతా పట్టేది. పట్టనీ.

2020 సెప్టెంబరులో బడులు మూసి ఉండగా తెలంగాణ పాఠాలు మళ్లీ టీవీకెక్కాయి. యాదగిరి చానల్లో, టీశాట్‌లో. ఆ కష్టకాలంలో అవి లేకపోతే పిల్లలకు ఏదీ లేదు. కానీ ఇంటింటికీ తిరిగి చూస్తే చిన్నప్పటి మా బడే కనబడింది: బొమ్మ పోతోంది, పిల్ల చూస్తోంది, అడగడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు తరగతి గోడలకు పెద్ద తెరలు బిగిస్తున్నారు, సంతోషం. తెరతో పాటు, ఆ వీడియోను ముందుగా చూసుకొని ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టుకోవడానికి టీచరు టైంటేబుల్‌లో వారానికొక ఖాళీ పీరియడ్ కూడా ఇవ్వాలి.