గీతచిత్రములలో నటుని చూపు



బాల్యమున నేను మా యూరి చావడి యెదుట పద్యనాటకములు చూచితిని. పద్యమెత్తుకొన్నంతనే నటుడు ప్రక్కనున్న పాత్రను మఱచి సభవైపునకు తిరుగును. 'వన్స్ మోర్' అనినచో చచ్చిపడిన పాత్రయు లేచి పాడెనని నవ్వులాటకు చెప్పుకొందురు. నవ్వవచ్చును గాని, ఆ గొంతును ఆ ముఖమును ఒక్కనివే.

1932లో 'భక్తప్రహ్లాద' వచ్చినపుడు సురభి కమలాబాయి మొదలగువారు తమ పాటలు తామే పాడిరి. పిమ్మట నేపథ్యగానము వచ్చి గొంతొకరిది, పెదవులొకరివి ఆయెను. అంతకంటె పెద్ద మార్పు చూపునందు కలిగెను. చలనచిత్రనటుడు కెమెరా కంటిని చూడరాదు. చూచెనా, కథ చెడును.

పాశ్చాత్యుల గీతచిత్రములు ఈ నిషేధమును లెక్కింపలేదు. 1975లో క్వీన్ బృందమువారు 'బొహీమియన్ రాప్సొడీ' అను పాటకు తీయించిన చిత్రమున, చీకటిలో నాలుగు ముఖములు మనకభిముఖముగా పాడును. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ ప్రారంభమైన పిదప అట్టివి వెల్లువయ్యెను. 1983లో మైకేల్ జాక్సన్, సినిమా దర్శకుడగు జాన్ లాండిస్‌చే 'థ్రిల్లర్'ను సుమారు 14 నిమిషముల కథగా తీయించెను. కథ నడచునంతసేపు అతడు చలనచిత్రనటుడే. కట్టకడపట పసుపుపచ్చని కన్నులతో మనవైపు తిరిగి నవ్వును, అపుడు రంగస్థలనటుడు!

దానిని నాకు చూపినవాడు మా మనుమడు. మొదట వెగటు పుట్టినమాట నిజము. ఆ నవ్వు చూడగనే మా యూరి కృష్ణవేషధారి జ్ఞప్తికి వచ్చెను. 'వన్స్ మోర్' అంటిని. పిల్లవాడు మరల చూపెను: అదే నవ్వు, అదే క్షణమున. మా కృష్ణుడు మాత్రము రెండవమారు మొదటివలె పాడి యెఱుగడు.