ఆసుపత్రి రికార్డుల స్కానింగ్ సేవలు

ఆసుపత్రిలో పేరుకుపోయిన రోగుల కాగితాలను బయటి సంస్థ చేత స్కాన్ చేయించి, కంప్యూటరులో వెతుక్కుని చూసుకునేలా మార్పించుకునే ఏర్పాటును ఈ పేరుతో పిలుస్తారు. పని చేసేది బయటివారే అయినా బాధ్యత మాత్రం ఆసుపత్రిదే. ఈ సేవను గురించిన చర్చ చాలావరకు స్కానరు వేగం చుట్టూ, పేజీకి ఎంత అనే ధర చుట్టూ తిరుగుతుంది. అసలు కష్టం అక్కడ లేదు. ఏ కాగితం ఎవరిదో తప్పు లేకుండా తేల్చడంలో ఉంది.

పెద్ద ఆసుపత్రుల్లో ఈ కాగితాలు ఉండే చోటు మెడికల్ రికార్డ్స్ డిపార్ట్‌మెంట్. ఎమ్మార్డీ అంటే అక్కడ అందరికీ తెలుసు. రోగి ఇంటికి వెళ్లాక కేస్ షీటు అక్కడికి చేరుతుంది. అడ్మిషన్ పత్రం, డాక్టర్ల నోట్సు, నర్సుల చార్టులు, ల్యాబ్ రిపోర్టులు, సంతకాలో వేలిముద్రలో ఉన్న అంగీకార పత్రాలు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జ్ సమ్మరీ అన్నీ ఒకే ట్యాగుతో కట్టి ఉంటాయి. చాలాచోట్ల ఫైళ్లను రోగి నంబరులోని చివరి రెండంకెలను బట్టి రాక్‌లలో సర్దుతారు. 48-27-35 నంబరు ఫైలు 35వ వరుసలో, అందులో 27వ గుంపులో ఉంటుంది. కొత్త ఫైళ్లు ఒకే మూల పోగుపడకుండా రాక్‌లన్నిటికీ సమంగా పంచుకుపోయేందుకు ఈ పద్ధతి. స్కానింగుకు ఫైళ్లు బయటికి తీసేటప్పుడూ ఈ క్రమమే దారి చూపుతుంది.

ఎందుకు అవసరమైంది

2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి గానీ, అతని తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. త్వరగా వెతికి తీసేందుకు రికార్డులను కంప్యూటరులోకి ఎక్కించే ప్రయత్నం చేయాలనీ ఆ నియమావళే చెప్పింది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కొత్త నియమాలు మూడేళ్లలో రికార్డులన్నీ డిజిటల్ కావాలన్నాయి గానీ, అదే నెలలో వాటిని నిలిపివేశారు. పోలీసు కేసుతో ముడిపడిన ఎమ్మెల్సీ (మెడికో-లీగల్ కేసు) ఫైళ్ల లెక్క వేరు. వ్యాజ్యం తేలేదాకా వాటిని పారేయరు.

తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులకు స్కానరును రోజువారీ వస్తువుగా చేసింది ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీ. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఈ పథకంలో చికిత్సకు ముందస్తు అనుమతి నుంచి బిల్లు చెల్లింపు దాకా కాగితాలు ఆన్‌లైన్‌లో పంపాల్సి వచ్చింది. అయితే అది బిల్లుకు కావలసిన కాగితాల వరకే. ఎమ్మార్డీలోని పాత ఫైళ్లు అలాగే ఉండిపోయాయి. బయటి సంస్థల అవసరం అక్కడే ఎక్కువ.

పని జరిగే తీరు

ఫైళ్లను సంస్థ తన కేంద్రానికి తీసుకుపోవచ్చు, లేదా తన మనుషులనూ యంత్రాలనూ ఆసుపత్రికే పంపవచ్చు. రెండో పద్ధతికి ఖర్చు ఎక్కువ. అయినా ఇప్పుడు చికిత్సలో ఉన్నవారి ఫైళ్లకు అదే మేలు. డయాలసిస్ రోగి వచ్చేసరికి అతని ఫైలు ఊరవతల గోదాములో ఉంటే ఏ పొదుపూ ఆ నష్టాన్ని పూడ్చదు.

ముందుగా ప్రతి ఫైలునూ జాబితాలో రాసుకుని, బార్‌కోడ్ అంటించి, సంతకంతో చేతులు మారుస్తారు. తర్వాత పిన్నులు తీసి, ట్యాగులు విప్పి, మడతలు సరిచేసి, చిరిగినచోట అతికిస్తారు. చూసేవారికి చిన్నపనిలా కనిపించినా ఎక్కువ సమయం తినేది ఇదే. స్కానరు నిమిషానికి పదుల కాగితాలు లాగేయగలదు. పాతికేళ్ల నాటి పల్చటి కార్బన్ కాపీని చిరగకుండా విడదీయాలంటే మాత్రం ఓపికగల చేతులు కావాలి.

మామూలుగా 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) నాణ్యతతో స్కాన్ చేస్తారు. ఏ4 కాగితం ఒకవైపున అది దాదాపు 87 లక్షల చుక్కలు. రంగుల్లో అయితే కుదించకముందు సుమారు 26 మెగాబైట్లు. నలుపు తెలుపుల్లో తీస్తే చోటు ఎంతో కలిసివస్తుంది గనుక ఆ మాట తరచూ వస్తుంది. ఒప్పుకోకపోవడమే మంచిది. ఒక మందు పడదని నర్సు ఎర్ర సిరాతో రాసిన హెచ్చరిక నలుపు తెలుపుల్లో మామూలు గీత అయిపోతుంది. నాడి ఒక రంగులో, జ్వరం ఒక రంగులో గీసిన చార్టులో ఏ గీత ఏదో తెలియదు. ఈసీజీ పట్టీలది మరో సంగతి. థర్మల్ కాగితం మీద రాత వేడికీ వెలుతురుకీ వెలిసిపోతుంది కాబట్టి వాటిని అన్నిటికంటే ముందు స్కాన్ చేయాలి. ఖాళీ పేజీలను తనంతట తాను తీసేసే సాఫ్ట్‌వేరును కూడా కనిపెట్టి ఉండాలి. పెన్సిలుతో లేతగా రాసిన రెండు వరుసలు దాని కంటికి ఖాళీయే.

రెండు కాగితాలు అంటుకుని ఒకటిగా వెళ్తే మంచి స్కానర్లు అతిధ్వని తరంగాలతో పసిగట్టి ఆగిపోతాయి. తయారైన ప్రతిబింబాలను ఎక్కువగా పీడీఎఫ్-ఏ రూపంలో దాస్తారు. దీర్ఘకాలం నిలవ ఉంచడం కోసమే 2005లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన రూపమిది. ప్రతిబింబంలోని అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేరు అచ్చు అక్షరాలను బాగానే చదువుతుంది. డాక్టరు చేతిరాత దగ్గర దాన్ని నమ్ముకోలేం.

పేరు, నంబరు, ఇండెక్స్

ప్రతిబింబానికి రోగి పేరు, నంబరు, తేదీ, విభాగం జోడించడమే ఇండెక్సింగ్. ఇది సరిగా లేని స్కానింగు కాగితాల గుట్టను కంప్యూటరులో గుట్టగా మార్చడమే అవుతుంది. కనపడని కాగితం కంటే వేరొకరి ఫైలులో చేరిన కాగితం ప్రమాదకరం. బ్లడ్ గ్రూపు రిపోర్టు ఒక్కటి తారుమారైతే చాలు.

తెలుగువారి పేర్లకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఇంటిపేరు ముందు వస్తుంది. ఒక గుమస్తా దాన్ని పూర్తిగా రాస్తే, ఇంకొకరు ఒక్క అక్షరంతో సరిపెడతారు. వెంకటలక్ష్మి ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. లక్ష్మికి ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు స్పెల్లింగులు. పెళ్లయిన స్త్రీ అత్తవారింటి ఊళ్లో ఒక ఇంటిపేరుతో ఓపీ చీటీ రాయించుకుని, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు ఇంకో ఇంటిపేరుతో అడ్మిట్ కావచ్చు. పుట్టిన బిడ్డకు ఇంకా పేరుండదు. తల్లి పేరు మీదే ఫైలు తెరుచుకుంటుంది. కవలలైతే ఒకటి, రెండు అన్న అంకెలే తేడా. ఈ సంగతులు తెలియని వారు ఎంత వేగంగా టైప్ చేసినా ఒక మనిషిని ఇద్దరుగానో, ఇద్దరిని ఒకరిగానో చేసేస్తారు. అందుకే కీలకమైన వివరాలను ఇద్దరి చేత విడివిడిగా టైప్ చేయించి, తేడా వచ్చినచోట మూడో వ్యక్తికి చూపిస్తారు. ఆ మూడో వ్యక్తి ఎమ్మార్డీలో ఏళ్లుగా పనిచేసినవారైతే ఎంతో మేలు. 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు కొత్త రికార్డులకు ఈ బాధ తగ్గిస్తుంది. పాత ఫైళ్లలో ఆ నంబరు ఉండదు.

గోప్యత, చట్టం

2011 నాటి ఐటీ నియమాలు వైద్య చరిత్రను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా గుర్తించాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, చెల్లుబాటయ్యే ఒప్పందం ఉంటేనే ఇలాంటి పనిని బయటివారికి ఇవ్వాలంటోంది. బయటి సంస్థ దగ్గర పొరపాటు జరిగినా జవాబు చెప్పాల్సింది ఆసుపత్రే. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అమలు దశలవారీగా సాగుతుంది.

హెచ్‌ఐవీ పరీక్ష, గర్భస్రావం, మానసిక చికిత్స వంటివి ఆ ఫైళ్లలోనే ఉంటాయి. ఊళ్లో నలుగురికీ తెలిస్తే ఒక కుటుంబం తలెత్తుకోలేని సంగతులవి. స్కానింగు గదిలోకి సెల్‌ఫోను రానివ్వకపోవడం, ఎవరు ఏ ఫైలు తెరిచారో కంప్యూటరులో నమోదు కావడం ఆ కుటుంబాల కోసమే. డిజిటల్ చేసినంత మాత్రాన రికార్డు భద్రమనుకోవడానికీ లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబరు దాడి జరిగాక చాలా రోజులు అక్కడి సిబ్బంది మళ్లీ కాగితం, కలం పట్టాల్సి వచ్చింది.

ఇతర దేశాల్లో

అమెరికాలో 1996 నాటి హిపా చట్టం కింద స్కానింగు సంస్థ ఆసుపత్రితో విడిగా గోప్యతా ఒప్పందం చేసుకోవాలి. ఇంగ్లండులో కుటుంబ వైద్యుల దగ్గరి రికార్డులను చిన్న కవర్లలో దాచేవారు. 1911లో జాతీయ బీమా చట్టాన్ని తెచ్చిన లాయిడ్ జార్జ్ పేరే ఆ కవర్లకు నిలిచింది. వాటిలోని మడత కాగితాలను డిజిటల్ చేయించే పనిని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ పెద్ద ఎత్తున చేపట్టింది.

స్కానింగు తర్వాత

నాణ్యత తనిఖీ ముగిసి, ఆసుపత్రి రాతపూర్వకంగా అంగీకరించాకే కాగితాలను ముక్కలు చేయాలి. సంస్థ అందుకు ధ్రువపత్రం ఇస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ముల్లో వెండి ఉంటుంది గనుక వాటిని కొనేవారు వేరే ఉంటారు. అమ్మేముందు ఫిల్ము మీది పేరు చెరిపేయాలన్నది చాలామంది మరచిపోతారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద, ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపాలంటే నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి. కోర్టుకు వెళ్లే అవకాశమున్న ఫైళ్లు, ఎమ్మెల్సీలు, వివాదం తలెత్తిన ఆపరేషన్ల అంగీకార పత్రాలను స్కాన్ చేసినా అసలు కాగితాలను తాళం వేసిన బీరువాలో అలాగే ఉంచుతారు.