ధ్యానం

ధ్యానమంటే కళ్లు మూసుకుని మనసును ఖాళీ చేసుకోవడమని మొన్న ఫోన్‌లో ఒక యాప్ బోధించింది. మా గూడూరు ప్రార్థన కూడికల్లో 'వాక్య ధ్యానం' అంటే కళ్లు తెరిచి, బైబిలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. ఖాళీ చేయడం కాదు, నింపుకోవడం. సంస్కృత ధాతువు 'ధ్యై'కి అర్థం తలచడం. ధ్యేయం అందులోంచే వచ్చింది, బళ్లో నన్ను బెంచీ ఎక్కించిన పరధ్యానమూ అంతే. ఆ మాటే పాళీలో ఝానం, చైనాలో చాన్, జపాన్‌లో జెన్ అయింది. అయితే 1వ కీర్తనలో మనం 'ధ్యానించు' అని చదివేచోట హీబ్రూలో ఉన్నది 'హాగా', అంటే గొణగడం. యెషయా 31లో వేట మీద సింహం గుర్రుమనడానికీ, 38లో గువ్వ మూలుగుకూ అదే క్రియ. ఇది తెలిసేదాకా ఆ కీర్తనను ఏళ్ల తరబడి పెదవి కదపకుండా చదివాను. ఇప్పుడు ఒకే వచనాన్ని పదిసార్లు గొణుక్కుంటాను. ఏ ఏడోసారికో ఒక మాట గొంతుకు అడ్డం పడుతుంది. చదువురాని మా అమ్మమ్మ ఆదివారం విన్న వచనాన్ని బియ్యం ఏరుతూ గొణిగేది. "ఏంది అమ్మమ్మా, ఒకటే గొణుగుతుండావు?" అంటే, "మర్చిపోతానని రా" అనేది.