కృత్తికలలో కనిపించని తోబుట్టువులు

కార్తీక మాసానికి పేరునిచ్చిన కృత్తిక ఒంటరి నక్షత్రం కాదు, ఒక కుటుంబం. ఈ సంగతి మన పూర్వులు ఎరుగుదురు. తైత్తిరీయ సంహిత నక్షత్రాల వరుసను కృత్తికలతోనే ఆరంభిస్తుంది. తైత్తిరీయ బ్రాహ్మణం అంబ మొదలుగా ఏడు పేర్లను చెబుతుంది. తెలుగు పల్లెలలో ఈ గుంపును పిల్లలకోడి అన్నారు. ఆ కోడి రెక్కల కింద ఎన్ని పిల్లలున్నవో తెలుసుకొనడానికి దూరదర్శిని వచ్చిన తరువాత కూడ దాదాపు నాలుగు శతాబ్దాలు పట్టింది.

1610లో గెలీలియో అక్కడ ముప్పైకి పైగా కొత్త నక్షత్రాలను చూశాడు. ఇన్ని చుక్కలు ఇంత చేరువగా యాదృచ్ఛికంగా అమరవని 1767లో జాన్ మిచెల్ గణితంతో వాదించాడు. నేడు వేయికి పైగా సభ్యులను గుర్తించారు. ఒకే వాయుమేఘం నుండి దాదాపు ఒకే కాలంలో జన్మించినందున వీటి వయస్సు, దూరం, రసాయన స్వభావం ఇంచుమించు సమానం. ముఖ్యమైన భేదం ద్రవ్యరాశిలోనే. అందుచేత నక్షత్రం కావడానికి కనీసం ఎంత ద్రవ్యరాశి కావాలన్న ప్రశ్నకు ఇటువంటి యువ తారాగుచ్ఛాలే తగిన పరీక్షాస్థలాలైనవి.

ఆ ప్రశ్నకు లెక్క కట్టి సమాధానమిచ్చినవాడు భారతదేశంలో జన్మించి అమెరికాలో పరిశోధన సాగించిన శివ్ ఎస్. కుమార్. సూర్యుని ద్రవ్యరాశిలో సుమారు 7 శాతానికి లోబడిన వాయుగోళంలో హైడ్రోజన్ సంలీనం నిలకడగా సాగదని, అది క్రమంగా చల్లబడిపోతుందని 1963లో ఆయన ప్రకటించాడు. వాటిని నల్ల మరుగుజ్జులన్నాడు. 1975లో జిల్ టార్టర్ గోధుమ మరుగుజ్జులని పేరు మార్చింది. పేర్లు రెండు వచ్చినవి గాని, వస్తువు మాత్రం ముప్పై ఏండ్లు దొరకలేదు. దొరికిందన్న వార్తలు రావడం, నిలవకపోవడం పరిపాటి అయింది. మసకగా ఎర్రగా కనిపించేది చిన్న నక్షత్రమో, నక్షత్రం కాలేకపోయినదో కాంతినిబట్టి తేల్చడం కష్టం.

ఆ చిక్కును విడదీసింది లిథియం. చిన్న నక్షత్రాలలో వాయువు అడుగునుండి పైదాకా కలగలుస్తూ ఉంటుంది. కేంద్రోష్ణత సుమారు 25 లక్షల డిగ్రీలు చేరగానే లిథియం క్రమంగా నశిస్తుంది. మిక్కిలి తేలికైన గోధుమ మరుగుజ్జు ఆ వేడిని ఎన్నడూ చేరదు గనుక దానిలో లిథియం మిగిలే ఉంటుంది. ఈ పరీక్షను 1992లో రఫాయెల్ రెబోలో, ఆయన సహచరులు ప్రతిపాదించారు.

1995లో గిబోర్ బస్రీ బృందం హవాయిలోని కెక్ దూరదర్శినితో పి.పి.ఎల్.-15 అనే కృత్తికా సభ్యునిలో లిథియం జాడను పట్టింది. అదే సంవత్సరం స్పెయిన్ పరిశోధకులు బృహస్పతికి సుమారు 55 రెట్ల ద్రవ్యరాశిగల తెయిదే-1ను ప్రకటించారు. 1996లో అందులోనూ లిథియం కనిపించింది. ఏ ద్రవ్యరాశి వద్ద లిథియం మాయమవుతున్నదో తెలిసినందున 1998 నాటికి గుచ్ఛం వయస్సు కూడ సవరణకు వచ్చింది: వెనుకటి అంచనాలు అధికంగా 7, 8 కోట్ల సంవత్సరాలు కాగా, కొత్త లెక్క 12.5 కోట్లు.

సిద్ధాంతానికీ సాక్ష్యానికీ నడుమ గడిచినవి 32 సంవత్సరాలు. ఆవిష్కరణ చరిత్ర చెప్పేటప్పుడు 1995ను స్మరించేవారు పెక్కుమంది. 1963ను స్మరించేవారు తక్కువ. కృత్తికల కథను మన భాషలలో తిరిగి వ్రాసేటప్పుడైనా ఆ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన నిలపడం న్యాయం.