వేటపంది తూనిక

వేంగీ చాళుక్యులకు వరాహము లాంఛనము. విజయనగరపు బంగారు నాణెమునకు వరాహమే పేరు. సుమారు 52 గ్రెయినుల ఆ నాణెమును త్రాసున తూచెడివారు. వేటపందిని మాత్రము తరచుగా కంటితోనే తూచెడివారు. నిక్కిన రోమములు చూపును మోసగించుటచే మాటలలో పంది పెరుగుచుండును.

పశుపాలకుల సూత్రమొకటి కలదు. రొమ్ము చుట్టుకొలత అంగుళములను అంతటిచేతనే హెచ్చించి, చెవుల నడుమనుండి తోక మొదలువరకుగల పొడవుచే మరల హెచ్చించి, 400చే భాగించిన పౌనులు వచ్చును. చుట్టు 40, పొడవు 50 అయినచో 200 పౌనులు; అనగా 25 పౌనుల మద్రాసు మణుగున 8 మణుగులు. ఇది పెంపుడు పందుల లెక్క, అడవిపందికి ఉజ్జాయింపే. ప్రేవులు తీసిన పిదప ఇంచుమించు నాలుగవవంతు తగ్గును.

అనుమతిలేని వేట 1972 చట్టముచే నేరము. వేటకథలు మాత్రము మన కుటుంబములందు నిలిచియున్నవి. సోదరులారా! వానిని గ్రంథస్థము చేయునప్పుడు కొలిచినదానిని కొలతయనియు, ఊహించినదానిని ఊహయనియు వ్రాయవలెనని మా మనవి.