వెట్టియు విశ్వాసమును

గడచిన వానకాలమున నొక ఆదివారము మేము జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నము మండలములోని యొక చిన్న ప్రార్థనామందిరమున కూర్చుండియుంటిమి. బోధకుడు పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలోని ఆఱవ అధ్యాయమును చదివి, అపవాదిని ఎదిరించుటకై విశ్వాసి ధరింపవలసిన సర్వాంగకవచమును గూర్చి చక్కగా ప్రసంగించెను. నడికట్టు మొదలు ఖడ్గమువఱకు ఒక్కొక్క ఆయుధమునకు ఒక్కొక్క అర్థము చెప్పెను. ప్రసంగము ముగిసినపిదప, బీడీలు చుట్టి జీవించు నొక ముసలమ్మ లేచి యిట్లడిగెను: "అయ్యగారూ, కవచం సంగతి మంచిగనే ఉన్నది. మా మనుమరాలి కాలేజి కాయితంల మతం అని ఒక గడి ఉన్నదట. అండ్ల ఏం రాయాలె?"

బోధకుడు కొంతసేపు గ్రంథమువంక చూచి, "అవ్వా, వచ్చే ఐతారం చెప్త" అనెను. ఆయన తప్పించుకొనుటకై అట్లనెనని మేమనుకొనలేదు. ఆ ప్రశ్నకు ఆయనయొద్ద సిద్ధమైన ఉత్తరము లేదు, మాయొద్దను లేదు. కాని ఆ ప్రశ్నకొక చరిత్ర కలదు. దానిని చదువరులకు తెలుపుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

చెడుగును ఎదిరించుట యనగానే మన ప్రసంగములలో అది ఆకాశమున జరుగు యుద్ధమువలె వర్ణింపబడుచుండును. మన పోరాటము రక్తమాంసములతో కాదని పౌలే చెప్పినాడు గదా యందురు. నిజమే. కాని ఆ కంటికి కనబడని శక్తులు తెలుగుదేశములో ఏ వేషమున వచ్చినవి? ఎవరి నోట పలికినవి? మనకు దొరకిన చరిత్రమునుబట్టి చూడగా అవి తఱచుగా కరణము వేషమునను, మునసబు వేషమునను, తలారి కేకగాను వచ్చినవి. విశ్వాసియొక్క కవచము పరీక్షింపబడిన స్థలములు బావిగట్టును, కళ్లమును, ఊరిచావడియును.

వెట్టి యననేమో ఈ ప్రాంతపువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నిజాము రాజ్యములో కూలి లేక చేయింపబడిన ఆ చాకిరికి వ్యతిరేకముగా 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘము మొదలుకొని ఎందఱో మాటాడిరి. అయినను అది చట్టములోనుండి పోయినంత వేగముగా ఊళ్లలోనుండి పోలేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలకు వేలకొలది కూలీలును రైతులును నడచివచ్చి వెట్టిని చేయమని చాటిరి. అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. ఆ యుద్యమపు మార్గము వేఱు, మా విషయము వేఱు. కాని ఆ కాలమును కన్నులార చూచిన పెద్దలకు, అంతకు నూఱేండ్లకు పైగా పూర్వము ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలలో జరిగిన సంగతి యిట్టే బోధపడును. ఆ కథలోనికి పోవుదము.

అమెరికా బాప్తిస్టుల మొదటి మిషనరీ 1836లో తెలుగువారియొద్దకు వచ్చెను. మూడు దశాబ్దములు పాటుపడినను ఫలము స్వల్పము; ఈ మిషనును మూసివేయుదమా యని అమెరికాలో పలుమాఱు చర్చలు జరిగెను. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ అను నతడు ఒంగోలులో కాపురముండుటకు వచ్చునప్పటికి, అతనికంటె ముందుగా అతని పని ఆరంభించిన వాడొకడు ఉండెను. అతడు యెఱ్ఱగుంట్ల పేరయ్య, ఒంగోలుకు పడమట దూరముననున్న తాళ్లకొండపాడు వాస్తవ్యుడు, మాదిగ, తోళ్ల వర్తకుడు. అతడు పూర్వమే యొక గురువునాశ్రయించి యోగము నభ్యసించి, విగ్రహారాధనమునందు విసుగు చెందియుండెను. తోళ్ల బేరమునకై ఏలూరు ప్రాంతమునకు పోయినప్పుడు క్రీస్తునుగూర్చి వినెను. 1866లో అతడును భార్య నాగమ్మయును బాప్తిస్మము పొందిరి. ఒంగోలు ఉద్యమమునంతటిని దొరలకే కట్టబెట్టువారు ఈ సంగతిని గమనింపవలెను. పొలము దున్నబడియుండెను, దున్నినవారు ఈ దేశపు గురువులే.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనమండ్రు సభ్యులతో ఏర్పడెను. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాటి సమీపమున చింతతోపులో దిగగా, పేరయ్య మాట విని చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చిన 28 మంది బాప్తిస్మము పొందిరి. వారికి విధింపబడిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు.

ఈ మూడును పైకి చూడ సామాన్యములు. పట్టణమున కూర్చున్నవానికి ఇందులో వీరత్వమేమియు కనబడదు. కాని మాదిగవాని జీవితము ఊరితో ఎట్లు ముడిపడియుండెనో చూడుడు. ఊరి గొడ్డు చచ్చినచో మోసికొనిపోవలసినవాడు అతడు. తోలు అతనిది, దానికి బదులుగా రైతులకు చెప్పులును, మోటలకు తోలును ఈయవలెను. మాంసమును అతనిదే, అదియే ఆఁకలికాలమున అతని కొట్టు. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టవలసినవాడు అతడే. అధికారి వచ్చినచో మూట మోయవలసినవాడును అతడే. ఇందుకు ప్రతిఫలము కళ్లమున కొలిచి వేయు గింజలు. చచ్చిన గొడ్డును తిననన్నచో అతడు తన కొట్టును కాదన్నట్లు. డప్పు కొట్టనన్నచో ఊరిదేవతను కాదన్నట్లు.

మూడు నియమములలో ఆదివారపు నియమమే అన్నిటికంటె కఠినమైనదని మా యభిప్రాయము. వెట్టివానికి వారమున ఏడుదినములును ఊరివే. అందులో నొకటి నాది కాదు, నీది కాదు, దేవునిది యని అతడు చెప్పినప్పుడు, తన దేహమునకు ఊరికంటె పైవాడైన యజమానుడొకడు కలడని చెప్పినట్లాయెను. కరణమునకు ఈ వేదాంతము తెలియకపోవచ్చును. కాని దాని పర్యవసానము అతనికి చక్కగా తెలిసెను. ఆఱుదినములు చేసినవాడు ఏడవదినము రాకున్నచో, రేపు ఆఱుదినములకును కూలి యడుగడా? అందుచేతనే కోపము దేవతలనుగూర్చి పుట్టినదానికంటె ఆదివారమునుగూర్చి ఎక్కువగా పుట్టినదని మేము తలంచుచున్నాము.

శిక్షలు వెంటనే వచ్చెను. బావులు మూసిరి. అంగడిలో సరుకు అమ్మవలదనిరి. చాకలిని మంగలిని పోనీయరైరి. కళ్లమున పాలు ఆపిరి. దొంగతనము మోపి కొందఱిని అధికారులయొద్దకు ఈడ్చిరి. వారు దీనిని ఎట్లు తాళిరి? వారిలో చదువు వచ్చినవారు కొద్దిమంది; పౌలు పత్రికలను చదివి అర్థము చేసికొన్నవారు ఇంకను కొద్దిమంది. ఇక్కడ మనమొక చిన్న విషయము గమనింపవలెను. సర్వాంగకవచము ధరింపుడని పౌలు ఆజ్ఞాపించిన చోట మూలమైన గ్రీకు భాషలో క్రియ బహువచనములో నున్నది. ఆ మాట ఒంటరియైన యోధునికి చెప్పినది కాదు; ఒక సంఘమునకు చెప్పినది. ఒంగోలు పల్లెలలో జరిగినదియు అదియే. అక్కడ ఒక్కొక్క మనుష్యుడు వేఱుగా వచ్చినవాడు కాడు. బావ పిలిచిన బావమఱది, అత్త వెంట కోడలు, వియ్యంకుని మాటమీద వియ్యంకుడు వచ్చిరి. బావి మూసినప్పుడు ఒక్క యింటికి కాక పల్లెకంతకును దాహమాయెను. కావున ఒక్కడు లొంగిపోవుట కష్టమాయెను. వారు నిలిచిరనగా పల్లె నిలిచెనని యర్థము.

మిషనరీకిని తనదైన శోధన లేకపోలేదు. ఒంగోలులో క్లౌ పాఠశాల పెట్టగా బ్రాహ్మణాదుల పిల్లలు వచ్చుచుండిరి. పట్టణపు పెద్దలు ఆదరించుచుండిరి. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని వారు చెప్పిరి. పైకులములవారు ముందు వచ్చినచో క్రిందివారు తామే వత్తురని ఆ కాలపు మిషనరీలలో ననేకుల నమ్మకము. క్లౌ దంపతులు వేర్వేఱు గదులలో కూర్చుండి బైబిలు తెఱవగా ఇరువురికిని కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగము కనబడెనని ఆయన తరువాత వ్రాసికొనెను. లోకము తక్కువవారని యెంచినవారినే దేవుడు ఏర్పరచుకొనునను భాగమది. అద్భుతములయందు మాకంత ఆసక్తి లేదు. పెద్దల యాదరమును వదలుకొనుటకు ఆయన సిద్ధపడుటయే మాకు ముఖ్యముగా తోచుచున్నది. పైకులముల పిల్లలు బడి విడిచిపోయిరి.

1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిని దహించిన మహాక్షామము ఇంకొక రకపు పరీక్ష తెచ్చెను. ఈసారి శత్రువు కొట్టి భయపెట్టలేదు. అన్నము చూపి పిలిచెను. క్లౌ యౌవనమున భూములు కొలుచు పని నేర్చినవాడు గనుక, బకింగుహాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, వేలమందికి పని కల్పించెను. పేరయ్య మొదలగు ఉపదేశకులు కూలీలమీద మేస్త్రీలై, విరామవేళలలో సువార్త చెప్పుచుండిరి. కూలి యిచ్చుచున్నవాని మతములో చేరుదుమని జనులు గుంపులుగుంపులుగా అడిగిరి. ఆయన ఒల్లలేదు. సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మమీయలేదు. సంఖ్యలకై అమెరికాలోని సంఘములు ఎదురుచూచుచుండగా ఇట్లు చేతులు ముడుచుకొని కూర్చుండుట సులభము కాదు. సహాయము పంచుట ముగిసినపిదపనే ద్వారము తెఱచెను. 1878 జులై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

వీరందఱును గింజలకై వచ్చినవారే యని ఆనాడే యన్నవారు కలరు, ఈనాడును కలరు. ఆఁకలియు కృతజ్ఞతయు విశ్వాసమును ఒకే హృదయములో కలిసియున్నప్పుడు వానిని వేఱుచేయు త్రాసు మాయొద్ద లేదు. కాని పదునైదు నెలల నిరీక్షణమును, క్షామము పోయినపిదప తరతరములుగా ఆ పల్లెలు సంఘమును విడువకుండుటయును ఆ యాక్షేపమునకు కొంత ఉత్తరమగునని మాత్రము చెప్పగలము.

ఇంతవఱకు మేము కీర్తించితిమి. ఇక చెప్పక తప్పని రెండవ భాగమున్నది. ఏ బంధుత్వము పల్లెను నిలిపెనో ఆ బంధుత్వమే తరువాత గోడయాయెను. ఒకచోట మాదిగలు సంఘమైనచో మాలలు రాకపోయిరి. మఱియొకచోట మాలలు ముందు చేరినచో మాదిగలకు తలుపు సరిగా తెఱువబడలేదు. ఒకే దేవుని బల్లయొద్ద వేర్వేఱు వరుసలు, పెండ్లిసంబంధములకు పూర్వపు హద్దులే. పైకులములనుండి వచ్చిన క్రైస్తవులు ఈ యిరువురికిని దూరముగా కూర్చుండిరి. ఊరివాడు మూసిన బావికై కన్నీరు కార్చినవారు తమ గిన్నెను తామే మూసికొనిరి. ఈ చెడుగును ఎదిరించుటకు కరణముపై ఫిర్యాదు వ్రాసిన చాలదు.

దీనితో పెనగినవారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ముఖ్యుడు. తిరునల్వేలి తమిళుడైన ఆయన నిజాము రాజ్యములోని దోర్నకల్లునకు వచ్చి తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పుగా అభిషిక్తుడాయెను. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని ఆయన దయ్యములనుగా ఎంచి పల్లెపల్లెకు తిరిగి పోరాడెను. బాప్తిస్మము పొందినవారిచే చేతిని తమ తలపై పెట్టించి, సువార్తను ప్రకటింపకున్న తమకు శ్రమయని ఒట్టు పెట్టించుచుండెను. నాలుగు దయ్యములను చాలవఱకు తఱిమినను, కులమను నైదవదానిని తాను ఓడించితినని ఆయన ఎన్నడును చెప్పుకొనలేదు. 1945 జనవరి 1న ఆయన మరణించెను. ఆయన కోరిన దక్షిణ భారత సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. సంఘముల పేళ్లు ఒకటియైనవి. నేటికిని వివాహప్రకటనలలో క్రైస్తవ యను మాటప్రక్కనే కులము పేరు అచ్చగుచునే యున్నది.

బయటి గోడయు పడలేదు. 1985 జులై 17న, అప్పటి ప్రకాశము జిల్లాలోని కారంచేడులో, మాదిగపల్లె త్రాగునీటి చెఱువును పాడుచేయుటనుగూర్చి పుట్టిన తగవులో ఆఱుగురు మాదిగలు చంపబడిరి. మఱల నీరే. శేషించినవారు ఊరు విడిచి చీరాలలో శిబిరము వేసికొని న్యాయమునకై నిలిచిరి.

ఇప్పుడు ముసలమ్మ ప్రశ్నకు రావచ్చును. 1950 ఆగస్టు 10వ తేదీ రాష్ట్రపతి యుత్తరువు హిందువులుగానివారిని షెడ్యూల్డు కులముల జాబితానుండి తొలగించెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ యుత్తరువు సవరింపబడెను. క్రైస్తవులకును ముసల్మానులకును కాలేదు. తెలుగురాష్ట్రములు రెండింటను, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున, నూటికి ఒక్క వంతు స్థానములతో లెక్కింపబడుదురు. కాగితముమీద హిందువై, ఆదివారము క్రైస్తవుడగువాడు రాజ్యాంగమును మోసగించుచున్నాడని 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

విశ్వాసమునకు వెల కట్టిన ఈ చట్టము న్యాయమని మేమనుకొనము. బాప్తిస్మము పొందినవాని యింటికి ఊరు దగ్గఱకు జరుగదు, బావి తెఱచుకొనదు, కావున అతనికి కలిగిన నష్టము బాప్తిస్మముతో పోలేదు. అయినను, చట్టము తప్పైనంతమాత్రమున గడిలోని అసత్యము సత్యము కానేరదు. ఈ రెండు మాటలను ఒక్కసారి పట్టుకొనుట కష్టము. ఒక దానిని వదలినవారే మాకు తఱచుగా కనబడుచున్నారు. కొందఱు బోధకులు, వ్రాయనిండు, దేవుడు హృదయమును చూచునందురు. మఱికొందఱు, తమ బిడ్డలు పట్టణపు కళాశాలలలో డబ్బు కట్టి చదువుకొనుచుండగా, బీదవాని బిడ్డకు నిజము వ్రాయుమని కఠినముగా బోధింతురు. మొదటివారు ఆదివారమును ఊరికి తిరిగి యిచ్చివేయుచున్నారు. రెండవవారు ఒక్క పిల్లను బావిగట్టున ఒంటరిగా నిలుపుచున్నారు.

మఱుసటి ఆదివారమును మేమక్కడికి పోయితిమి. బోధకుడు మాట తప్పలేదు. ఏమి వ్రాయవలెనో చెప్పుటకు ముందు, నిజము వ్రాసినచో ఆ పిల్లకు సంవత్సరమునకు ఎంత తక్కువపడునో లెక్కవేసి ఆ సంఖ్యను అందఱియెదుట చదివెను. తరువాత, స్త్రీలు ప్రతిదినము వంటకు ముందు తీసిపెట్టు గుప్పెడు బియ్యమును ఈ యేడు మందిరపు సున్నమునకు కాక ఆ సంఖ్యకు చేర్పవచ్చునా యని అడిగెను. కొంతసేపు ఎవరును మాటాడలేదు. వెనుక వరుసలో, ఈ సంఘమున చేరి రెండేండ్లయినను ఇంకను వేఱుగానే కూర్చుండు నొక మాల కుటుంబపు ఇల్లాలు, తమ యింట కొలత గుప్పెడు కాదనియు సోల యనియు, రేపటినుండియే తీయుదుననియు చెప్పెను.